సవతికి పెట్టిన బొట్టు

నేను ఒక కారు డిఫరెన్షియల్‌ని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. ఇంజను పుట్టించిన బలాన్ని వెనక చక్రాలు రెండింటికీ పంచేది నేనే. ఆ చక్రాల మధ్య, కారు పొట్ట కింద, ఇనప కుండలా వేలాడుతుంటాను. అనకాపల్లిలో గవిర్నాయుడి టాక్సీకి ఏళ్ళ తరబడి చాకిరీ చేశాను. ఒక్కనాడైనా ఆయన వంగి నా మొహం చూసిన పాపాన పోలేదు.

ముద్దూ మురిపెం అంతా ఇంజనుకే. ఊరు దాటే ముందు బానెట్టు ఎత్తి దాని ఆయిలు చూస్తాడు. దసరాకి ఆ బానెట్టుకే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాలకైనా నిమ్మకాయలు పెడతాడు. నాకు? బురద! ఇది కుళ్ళు కాదండీ, న్యాయం మాట్లాడుతున్నాను. సరే, కుళ్ళే అనుకోండి.

ఆయిలు లేక నా బేరింగులు అరిగిపోయాయి. మూలగడం మొదలుపెట్టాను. నాయుడు ఏం చేశాడో తెలుసా? పాటల సౌండు పెంచాడు. చివరికి పెళ్ళికి కారు మాట్లాడుకున్న పెద్దమనిషి ఎక్కి, నాలుగు వీధులు తిరక్కుండానే దిగిపోయాడు.

"ఏటి నాయుడూ, కారు కింద గేదెని కట్టీసినావేటి? రేపు పెళ్ళికొడుకుని దీన్లో ఎక్కిస్తే నవ్వుతారు. ఈ అరుపు ఆపితేనే తే. నేదంటే నాకక్కర్నేదు."

అప్పుడు పరిగెత్తాడు, మెకానిక్ ఈశ్వర్రావు షెడ్డుకి. ఈశ్వర్రావు నన్ను విప్పి చూశాడు.

"గేరు పళ్ళు బాగానే ఉన్నాయి నాయుడుగారూ. బేరింగులు మార్చితే సాలు. రెండ్రోజులు ఒగ్గీయండి."

నా ప్రాణం లేచొచ్చింది.

"రేపే పెళ్ళయితే రెండ్రోజులెక్కడ ఒగ్గుతానురా! తీసీసి వేరేది బిగించీ."

తుక్కు దుకాణం నుంచి తెచ్చారు దాన్ని, నా సవతిని. నల్లరంగు పూసుకుని నిగనిగలాడుతోంది. నా చోట్లో దాన్ని బిగించారు. కిక్కురుమనకుండా కారు వెళ్ళిపోయింది. నేను షెడ్డు మూలన పడి కుమిలిపోయాను. ఏ ఘాటీలోనో దాని పళ్ళన్నీ రాలిపోవాలని కోరుకున్నాను. సిగ్గెందుకు, రోజూ కోరుకున్నాను.

పనిలేని ఒక మధ్యాహ్నం ఈశ్వర్రావు నాకు కొత్త బేరింగులు వేసి, ఆయిలు నింపి, నల్లరంగు కొట్టాడు. ఎవరికో అంటగట్టడానికని తెలుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి లంబసింగి ఘాటీ ఎక్కుతూ నా సవతి నిజంగానే పళ్ళు రాల్చుకుంది. కారుని లారీకి కట్టి షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. నాకెంత సంబరమో! నాయుడు చతికిలబడి, ఎదురుగా ఉన్న నన్ను చూశాడు.

"ఇదెక్కడిదిరా?"

"విశాఖపట్నం నుంచొచ్చింది బాబూ. మంచి సరుకు. మీ పాతదానిలాగ అరవదు," అన్నాడు ఈశ్వర్రావు, నావైపు చూడకుండా.

నాయుడు నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పుడైనా చూసుంటే కదా!

మళ్ళీ నా చోట్లోకి నేనే వచ్చాను. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగాను. ఆ దసరాకి నాయుడు గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరాడు. చేతిలో కుంకుమ. నాకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టాడు.

"ఆ పాత దరిద్రం నా ప్రాణాలు తోడీసింది. నువ్వొచ్చాకే నాకు నిద్ర పడతంది తల్లీ."

ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది ఆ బొట్టు కోసమే. కానీ ఆయన నాకు పెట్టలేదు. విశాఖపట్నం నుంచి వచ్చినదానికి పెట్టాడు. అదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంటే.