ఎవరి పరీక్ష వాళ్లదే

ఆమె భయమల్లా ఒక్కటే. తన పాలతోపాటు హెచ్‌ఐవి కూడా బిడ్డ ఒంట్లోకి పోతుందేమోనని. నాలుగు నెలల పాప రొమ్ము పట్టినప్పుడల్లా అదే ఆలోచన.

కడుపుతో ఉన్న మూడో నెలలో ఆమెకు చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ తర్వాతే, ఎత్తయిన భవనాలకు రంగులేసే ఆమె భర్త వేరే ఊళ్లో పనికి వెళ్లి మూడు నెలలుండి వచ్చాడు. అక్కడ ఒకామెతో తిరిగానని పాప పుట్టిన రెండు నెలలకు గోడవైపు తిరిగి పడుకుని తనే చెప్పాడు. పరీక్ష చేయించుకోమంటే మాత్రం కొట్టిపారేశాడు.

"నీకు లేదన్నారుగా. నీకు లేకపోతే నాకూ లేనట్టే కదే, పిచ్చిమొహమా!"

ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెకు ఆ మాటలో తప్పెక్కడుందో అంతుపట్టలేదు. తప్పుందని మాత్రం మనసు పీకుతూనే ఉంది.

టీకా రోజున ఆస్పత్రిలో నర్సు ప్రశ్నలు మొదలుపెట్టింది. 

"కడుపుతో ఉన్నప్పుడు మీ ఆయన ఊళ్లోనే ఉన్నాడా?"

"మావాడా? బంగారం! పనీ, ఇల్లూ తప్ప ఇంకోటి ఎరగడు," ఆమె నోరు తెరిచేలోపే అందుకుంది అత్తగారు.

"పెద్దమ్మా, పాపను పక్కగదిలో బరువు తూయించుకురా," అంది నర్సు.

"ఇందాకే తూచారుగా! నన్ను బయటికి పంపాలంటే పొమ్మని చెప్పొచ్చు," అంటూనే అత్తగారు పాపను భుజానేసుకుని వెళ్లింది.

తలుపు మూసుకోగానే ఆమె అంతా చెప్పేసింది. "పాలు మాన్పించెయ్యనా అక్కా?"

"తొందరపడకు. మూడో నెలలో ఇచ్చిన పరీక్ష కాగితం ఆ రోజు సంగతే చెప్తుంది. పైగా అది నీ నెత్తురు. ఆయనది కాదుగా!"

వేలి నుంచి చుక్క తీశారు. ఇరవై నిమిషాలు ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని బల్లమీద కూర్చుంది. ఏమీ లేదన్నారు. ఇంకా గట్టి పరీక్షకు చిన్న గొట్టంలో నెత్తురు తీసి పంపారు.

అది తన నెత్తురే, అతనిది కాదని చెప్పి మర్నాడు భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. "పది అంతస్తుల మీద తాడుకు వేలాడేవాణ్ణి, సూదికి జడుస్తానా," అన్నాడతను. వరసగా మూడు పరీక్షలు చేశారు. అతనికి ఉందని తేలింది.

"లేదనుకున్నానే," అన్నాడు.

"నేనూ అలాగే అనుకోవాలని చూశాను," అంది ఆమె.

అతనికి ఆ రోజే మందులు మొదలుపెట్టారు. ఆమెకు జబ్బు అంటకుండా రోజూ వేసుకునే మాత్రలూ, కండోములూ ఇచ్చారు. పంపిన పరీక్షలోనూ ఏమీ లేదని వచ్చాక, మాత్రలు మానకుండా, చెప్పిన తేదీలకు మళ్లీ పరీక్షకొస్తూ పాలివ్వమంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం పాప పాలు తాగుతూ నిద్రపోయింది. ఆమె కదలకుండా కూర్చుంది.

అతనితో వేరే ఊరి పనికి వెళ్లిన ఒకతని భార్యకు ఇప్పుడు ఏడో నెల. వాళ్ల ఇల్లెక్కడో వీళ్లకు తెలియదు. మీ వీధిలోనే ఉందేమో. వాళ్ల అత్తగారు లేని వేళ చూసి ఒక్కసారి వెళ్లి ఆ పిల్లను పలకరించండి. ఆమె పరీక్ష సంగతే కాదు, వాళ్లాయనదీ అయిందో లేదో అడగండి.