చదరపు మీటరు లెక్క

కోపం నాకు పుట్టుకతోనే వచ్చిందని మా అక్క అంటుంది. కావచ్చు. కానీ ఈ కోపం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు, ఒక రిపోర్టు చదువుతుంటే వచ్చింది.

మా ఆఫీసు పని వినడానికి బాగుంటుంది. ఒక భవనం పుట్టింది మొదలు గిట్టేదాకా, అంటే రాయి తవ్వడం, సిమెంటు కాల్చడం, లారీల్లో మోయడం, కట్టడం, అందులో వాడే కరెంటు, చివరికి కూల్చడం, అన్నిటికీ కలిపి గాలిలోకి ఎంత కార్బన్ వదులుతుందో లెక్క కడతాం. ఒకరు కట్టిన లెక్కను ఇంకొకరు మొదటి అంకె నుంచి చివరిదాకా సరిచూసి సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం లేని రిపోర్టు చిత్తుకాగితంతో సమానం. మా ఆఫీసులో ఆ రెండో సంతకం నాది. అందుకే నేను ఎవరి బల్ల దగ్గరికి వెళ్లినా వాళ్ల మొహం మాడిపోతుంది.

ఈ రిపోర్టు కట్టింది మా పెద్దాయన. ఏ భవనం వచ్చినా "దీన్ని సున్నాకి దించుదాం" అంటాడు కాబట్టి వెనకాల అందరం సున్నా సారు అంటాం. భవనం మరేదో కాదు, పెద్దాసుపత్రి ఆవరణలో నర్సులు ఉండే క్వార్టర్సు. రెండో అంతస్తులో మా అక్క, దాని కూతురు ఉంటారు. అక్క పసిపిల్లల వార్డులో నర్సు. ఆ క్వార్టర్సు కూల్చి అద్దాల భవనం కడతామని, పాతదానికన్నా కొత్తదే భూమికి మేలని తేల్చి చెప్పమని ఆసుపత్రివాళ్లు అడిగారు. మా అక్క అక్కడే ఉంటుంది, ఇంకెవరికైనా ఇవ్వండి అని నేను ముందే చెప్పాను. ఇంకెవరూ ఖాళీగా లేరన్నాడు సున్నా సారు.

రిపోర్టు తెరిచాను. లెక్క ఖాళీ స్థలం నుంచి మొదలైంది. ఎక్కడిది ఖాళీ స్థలం? మందపాటి గోడలతో నాలుగంతస్తుల భవనం నిక్షేపంగా నిలబడి ఉంది. దాన్ని కూల్చే యంత్రాలు తాగే డీజిలు లెక్కలో లేదు. శిథిలాలు మోసే లారీలు లేవు. మర్చిపోయాడేమో పాపం అనుకుని పేజీ తిప్పాను. కూల్చిన కాంక్రీటును నలగ్గొట్టి కొత్త పునాదుల కింద పోస్తారట, కొత్త కంకర తవ్వే పని తప్పుతుందట, కాబట్టి అదంతా కొత్త భవనం చేసిన మేలు కింద రాశాడు. కూల్చడం మాత్రం ఎవరి పాపమూ కాదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. వీళ్లు అంతకన్నా ఘనులు, ఇల్లు తామే తగలబెట్టి చుట్ట ముట్టించుకుంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రిపోర్టు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, ఇందులో పాత భవనం ఏమైంది?"

"అది పోయిన భవనం ఖాతాలోదమ్మా. అది పోయాకే మనది పుడుతుంది." నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"పోయిన భవనం రాళ్లు మాత్రం మనవా?"

"అలా పెట్టుకోవచ్చు. రూల్స్ ఒప్పుకుంటాయి."

"కొత్తదానికేమో సోలార్ పలకలు పెట్టారు. పాతదానికి రాబోయే అరవై ఏళ్లూ పాత కరెంటే రాశారు. ఆ పలకలు పాత డాబా మీద పెడితే పనిచెయ్యమంటాయా?"

"బాగుచేసే లెక్క వాళ్లు అడగలేదు."

"అయితే సంతకం నన్ను అడక్కండి."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మీ అక్క ఉందనేగా ఈ గొడవంతా."

"మా అక్క లేకపోయినా ఇది తప్పుడు లెక్కే సార్. ఉంది కాబట్టి నాకు ఒళ్లు కూడా మండుతోంది. అంతే తేడా."

ఆ సాయంత్రం క్వార్టర్సుకి వెళ్లాను. అక్క డ్యూటీ దిగి, ఇనప మంచం మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు మందు రాసుకుంటోంది. గోడ మీద ఒక మూల చెమ్మ మరక. కిటికీలోంచి చూస్తే పది అడుగుల సందు, దాని అవతల పసిపిల్లల వార్డు కిటికీలు. ఏ బిడ్డకైనా ఊపిరి అందకపోతే వార్డులోవాళ్లు ఫోను కూడా చెయ్యరు, కిటికీలోంచి పిలుస్తారు. అక్క చెప్పులు ఏ కాలివి ఆ కాలికి తొడుక్కున్నానో లేదో చూసుకోకుండా పరిగెడుతుంది.

"ఎవరిని తిట్టొచ్చావే? మొహం అలా ఉంది."

"మా పెద్దాయన్ని."

"ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ప్రస్తుతానికి ఉంది. కూలిస్తే మిమ్మల్ని ఎక్కడికి పంపుతారట?"

"ఊరి చివర ఏవో గదులున్నాయట. రెండు బస్సులు మారాలి. డ్యూటీ దిగి ఇల్లు చేరి, అన్నం తిని కన్ను మూసేసరికి మళ్లీ బయల్దేరాలి. పిల్ల బడి ఇక్కడ, నేను అక్కడ. ఇక దాని మొహం ఫొటోలో చూసుకోవడమే." మందు సీసా మూత బిగించి నా వైపు తిరిగింది. "నీ లెక్కేదో గట్టిగా కట్టవే. ఇది కూలకపోతే మేం ఇక్కడే ఉంటాంగా."

"కూలకపోతే ఇంకెక్కడికి పోతారక్కా" అన్నాను.

నా సంతకం లేనిదే రిపోర్టు కదలదు కాబట్టి సున్నా సారుకి ఒప్పుకోక తప్పలేదు. లెక్క మళ్లీ మొదటినుంచి కట్టాను. కూల్చడాన్ని కూల్చేవాళ్ల నెత్తినే వేశాను. పాతదానికి కారే పైకప్పు, కిటికీలు బాగుచేసి, డాబా మీద పలకలు పరిచి, మోకాళ్ల నొప్పులవాళ్ల కోసం లిఫ్టు కూడా పెట్టాను. తేడా చూసి నమ్మలేక ఇంకోసారి కూడి చూశాను. కొత్త భవనం ఎంత పొదుపుగా బతికినా, పుట్టడానికి చేసిన పాపం కడుక్కోవడానికి దానికి ఒక తరం పడుతుంది. నర్సులు ఎక్కే బస్సుల పొగ కూడా కలపబోయాను. ఉండేవాళ్ల రాకపోకలు భవనం పరిధిలోకి రావని సున్నా సారు కొట్టేశాడు. భవనం నిలబడ్డాక బస్సుల గోల ఎందుకులే అని నేనూ వదిలేశాను.

ఆసుపత్రి కమిటీ ముందు గొంతు చించుకున్నాను. ఆసుపత్రి డైరెక్టరు మెత్తటి మనిషి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నాడు.

"బాగా చెప్పారమ్మా. కూల్చం, బాగుచేయిద్దాం" అన్నాడు.

కొట్లాటకు సిద్ధపడి వెళ్లినదాన్ని, తెచ్చుకున్న కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. "నేను మొదట్నుంచీ అదే అంటున్నాను సార్" అన్నాడు సున్నా సారు. ఆ పూట ఆయన్ని కూడా క్షమించేశాను. అక్కకు ఫోను చేస్తే, అది అంతస్తంతా వినపడేలా నా పేరు చెప్పి అరిచింది.

కొన్నాళ్లకు సంతకం కోసం చివరి రిపోర్టు, దాంతోపాటు ప్లాను నా బల్ల మీదికి వచ్చాయి. పలకలున్నాయి, లిఫ్టు ఉంది, కిటికీలున్నాయి. గదుల మీద మాత్రం "రోగుల బంధువులకు అద్దె విడిది" అని రాసి ఉంది. నర్సులకు ఊరి చివరి గదులే.

ఆ ప్లాను పట్టుకుని తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్లాను.

"నర్సులేరి సార్ ఇందులో?"

"మీ రిపోర్టులోనే ఉంది కదమ్మా, ఒక చదరపు మీటరుకి ఏడాదికి ఇంత అని. చదరపు మీటర్లు ఒక్కటి కూడా తగ్గించలేదు మేము. అందులో ఎవరు పడుకుంటారన్నది మీ లెక్కలో లేదు."

లేదు. చదరపు మీటరుకు లెక్క కట్టడం మా వృత్తి నేర్పిన మొదటి పాఠం. ఆ చదరపు మీటరు మీద రాత్రంతా బిడ్డల్ని కాచి వచ్చిన మనిషి పడుకున్నా, అద్దె కట్టినవాడి సూట్‌కేసు పడుకున్నా మాకు ఒకే అంకె.

"నేను సంతకం పెట్టను" అన్నాను.

"మీ ఇష్టం. కమిటీ పాత ప్లానునూ ఇంకా కొట్టెయ్యలేదు. ఇది ఆగితే అది నడుస్తుంది. మేం కూల్చుకుంటాం." గొంతు ఏమాత్రం పెంచలేదు. ఆ మెత్తదనానికి ఆయన బల్ల తిరగెయ్యాలనిపించింది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అక్క దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంత చదువు చదివి ఇంత లెక్క కట్టావు. ఇందులో మనుషులుంటారన్న ముక్క ఎక్కడా రాయలేదా?"

"రాయడానికి అందులో గడి లేదక్కా."

"గడి లేకపోతే అంచున రాయాల్సింది. నీకు నోరు లేదా, ఎప్పుడూ అరుస్తూనే ఉంటావుగా."

"చింపేస్తాను ఆ రిపోర్టు. కూల్చుకోనీ. మనకు దక్కనిది ఎవరికి దక్కితే నాకేం?"

అక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అవతలి వార్డులో ఎవరో బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"సంతకం పెట్టెయ్" అంది.

"ఎందుకు పెట్టాలి? వాళ్లకోసమా?"

"కూల్చడం మొదలెడితే ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? నెలల తరబడి ఆ కిటికీల్లోకే. అక్కడున్నవాళ్లకి మామూలు గాలే అందట్లేదు."

"మరి నువ్వో?"

"నాకేం, రెండు బస్సులేగా." మంచం కిందనుంచి పెట్టె ఈడ్చి, పిల్ల బట్టలు అందులో విసిరెయ్యడం మొదలుపెట్టింది. నేను మడత పెట్టబోతే చెయ్యి తోసేసింది.

మర్నాడు సంతకం పెట్టాను. భవనానికి పురస్కారం వచ్చింది. కూల్చకుండా కాపాడినందుకు గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం బిగించారు, దాని మీద సున్నా సారు పేరు కింద నా పేరు కూడా చెక్కారు. అక్క రోజూ బస్సు దిగి దాని ముందునుంచే డ్యూటీకి వెళ్తుంది. ఇంతవరకు ఆ ఫలకం గురించి నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండును.