ఇంటిపేరొక్కటి చాలన్నారు

బయటి దేశాల ప్రభుత్వాలు ఇక్కడ ఉంటున్నవాళ్లను బెదిరిస్తే జైలే అంటూ అమెరికాలో మా రాష్ట్రం చట్టం తెస్తోందని తెలిసి చైనా నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న ఉయిగర్లమంతా పొంగిపోయాం. చైనా పెట్టే బాధ ఇన్నేళ్లకు ఎవరో ఒకరి చెవికెక్కింది. శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పేవాళ్లు కావాలి. నాన్ రొట్టెల కొట్టు సెమెత్, మా వీధిలో ఉండే మాహిరెను సాక్ష్యం చెప్పమని వెంటపడ్డాడు.

"అక్కడ చైనాలో, గుల్జా ఊళ్లో మా నాన్న ఉన్నాడన్నా. నిర్బంధ క్యాంపు నుంచి వదిలి రెండేళ్లు కూడా కాలేదు" అంది మాహిరె.

"నీ పేరు బయటికి పొక్కనివ్వరటమ్మా. అడిగే వచ్చా. నువ్వూ నోరు మూసుకుంటే ఇంకెవరు చెబుతారు, నా రొట్టెల పొయ్యా?"

మాహిరెకు నవ్వొచ్చింది. ఒప్పుకుంది.

కమిటీ గుమస్తా మంచి పిల్ల. "మీ అసలు పేరొద్దు మేడమ్, ఇంటిపేరొక్కటి చాలు. ఎవరూ పోల్చుకోలేరు" అంది. మాహిరె తలూపింది. పదహారేళ్లుగా బ్యాంకులో, ఆసుపత్రిలో, పిల్లల బడిలో ఆమెను అందరూ మిసెస్ జోర్దున్ అనే పిలుస్తున్నారు. విని విని అది తన పేరేననుకుంది. ఖర్మ కాకపోతే, మాకు ఇంటిపేర్లెక్కడివి? పెళ్లయినా మా పేరు పక్కన ఉండేది కన్నతండ్రి పేరే.

తెర వెనక కూర్చుని అన్నీ చెప్పింది. రికార్డులో "సాక్షి జోర్దున్, స్వస్థలం గుల్జా" అని రాసుకుని, అందరూ చదివేలా వెబ్‌సైట్లో పెట్టారు. కూతురు అమెరికాలో ఉన్న జోర్దున్‌లు గుల్జాలో ఎందరుంటారు? ఒక్కడే, మాహిరె నాన్న.

చట్టం నెగ్గింది. సెమెత్ వీధిలో అందరికీ పులావు పెట్టాడు. తొమ్మిదో రోజు పొద్దున, నాలుగేళ్లుగా పలకని తమ్ముడు గుల్జా నుంచి ఫోన్ చేశాడు. వాడి పక్కన ఎవరో దగ్గారు.

"అక్కా, నాన్నను తీసుకెళ్లారు. మీ శాసనసభ కాగితంలో ఆయన పేరుందట. చదివి వినిపించారు."

"ఆయనేమన్నాడ్రా?"

"నువ్వు బాగున్నావా అని వాళ్లనే అడిగాడు. మందులు కూడా తీసుకోనివ్వలేదు. ఇంక నాకు ఫోన్ చెయ్యకక్కా."

మాహిరె ఆ చట్టం కాగితాలు పట్టుకుని పోలీసు స్టేషన్‌కు పరుగెత్తింది. అధికారి ఓపిగ్గా విన్నాడు. "మీ నాన్నగారు మన రాష్ట్రంలో ఉంటారా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కాగితాలు మడిచి తిరిగిచ్చేశాడు.

"మీరు మాత్రం భయపడకండమ్మా. మీ మీద ఈగ వాలనివ్వం" అన్నాడు చివరికి.

ఆయన మాట నిజమే, ఆమెకేమీ కాదు. అది తట్టుకోలేకే మాహిరె ఆయన బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.