లోడు వెంట మనిషి

కట్టయ్య గోనెపట్టాను తొట్టిలోంచి తీసి, ఒక కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో కొసను మెలితిప్పాడు. నీళ్లు ధారగా కారాయి. తర్వాత బొట్లయ్యాయి. తర్వాత ఆగిపోయాయి. ఆగాక ఇంకో మెలి తిప్పాడు. గోనె తడిగా ఉండాలి, కానీ చుక్క రాలకూడదు. రాలితే అట్టపెట్టె మెత్తబడుతుంది. మెత్తబడిన పెట్టెను బేగంపేట విమానాశ్రయంలో సరుకు తీసుకునేవాళ్లు లోపలికి రానివ్వరు. కాయ ఉడికిందేమోనని ఒకటి కోసి కూడా చూస్తారు.

అది వరంగల్ స్టేషను వెనక రేకుల షెడ్డు. ఎనభై మూడు మే నెల. లోపల ఆడవాళ్లు బంగినపల్లి కాయల సొన తుడిచి, పలుచని కాగితం చుట్టి పెట్టెల్లో పేరుస్తున్నారు. తెల్లవారుజామున తోటలో కోసిన కాయ సాయంత్రానికి బేగంపేట చేరాలి. అక్కడి నుంచి విమానంలో బొంబాయికి, బొంబాయి నుంచి దుబాయికి. మధ్యలో వరంగల్ నుంచి బేగంపేట దాకా ఉన్న ఎండ కట్టయ్య వంతు.

అతని పని చెప్పడానికి తేలిక. లారీలో పెట్టెల వరుసల మధ్య ఒక మనిషి పట్టేంత సందు వదులుతారు. పైన కప్పిన తాడిపత్రి పట్టాకూ పెట్టెలకూ నడుమ తాళ్లు కట్టి తడిగోనెలు ఆరేస్తారు. కట్టయ్య ఆ సందులో కూర్చుంటాడు. ఆరిన గోనెను లాగి, డ్రమ్ములో ముంచి, పిండి, మళ్లీ తాడు మీద వేస్తాడు. దారి పొడుగునా అంతే.

యాభై దాటిన మనిషి. భుజాల ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. ముంజేతుల మీద సొన కాల్చిన నల్లమచ్చలు. అరచేతులు మాత్రం ఎప్పుడూ నీళ్లలో నాని తెల్లగా, ముడతలు పడి, ముసలివాళ్ల చేతుల్లా ఉంటాయి. వారమంతా జ్వరంతో పడుకుని లేచాడు. నోటి చేదు ఇంకా పోలేదు.

భార్య సమ్మమ్మ కాయల వరుసలోంచి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో సొరకాయ బుర్ర. నిండా నీళ్లు.

“ఏమయ్యా, కాయలకు చలి పెడుతాందేమో. జర దుప్పటి గూడ కప్పు” అంది.

“ఆ, నీదే తెచ్చియ్యి.”

“నీకు జరమొస్తె రాత్రంత తడిగుడ్డ నేనేస్తి. నాకొస్తె ఒక్కనాడన్న ఏసినవా? వీటికైతె దారి పొడుగునా ఏస్తవు.”

“నిన్ను బేగంపేటల ఎవడు కోసి చూస్తడే!”

వరుసలోని ఆడవాళ్లు పకపకా నవ్వారు. సమ్మమ్మ కూడా నవ్వింది. పాత చీర పీలికను ఉండచుట్టి బుర్ర మూతికి గట్టిగా బిగించింది. “ఇది తాగేతందుకు. నిరుడు లెక్క కాయలకు పోసి రాకు. జరం మనిషివి” అంది, ఈసారి నవ్వకుండా.

షెడ్డు యజమాని కిషన్ రావు లారీ దగ్గర నిలబడి ఉన్నాడు. రాత్రి నిద్రలేని కళ్లు.

“పోయిన లోడు ఉడికిపోయి వాపసొచ్చింది కట్టయ్యా. ఇది గూడ వస్తె దుబాయి సేటు ఇగ మన దిక్కు చూడడు. షెడ్డుకు తాళమే. నీకు చాతనైతదా? లేకుంటె మళ్ల నర్సయ్యనే పంపుత.”

పోయిన లోడు వెంట వెళ్లింది నర్సయ్యే. కట్టయ్య ఆ రోజు జ్వరంతో లేవలేదు. సందులో ఉక్కకు సోలి నర్సయ్య కునుకు తీశాడు, గోనెలు ఆరిపోయాయి. లోడు పోయింది.

“నేనే పోత దొరా” అన్నాడు కట్టయ్య. షెడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆడవాళ్లు తలలు వంచుకుని కాగితం చుడుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

లారీ డ్రైవరు యాకూబ్‌కీ అతనికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. సందులోంచి క్యాబిన్ చెక్క మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి. రెండు కొడితే పోవాలి. ఏదీ వినపడకపోతే లోపల అంతా బాగున్నట్టే, పోతూనే ఉండాలి.

మడికొండ దాటేదాకా ఇబ్బంది లేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పట్టాల మీద నిలిచిపోయింది. లారీ కదలని చోట గాలి లేదు. తాడిపత్రి కింద పెనంలా కాగింది. దానికి తోడు రేడియేటరు బుసకొట్టింది.

యాకూబ్ వెనక్కి ఎక్కి తల లోపలికి పెట్టాడు. “కాకా, ఇంజను మసులుతాంది. గేటు కాడి బోరింగు కొడితె గాలి తప్ప ఏం వస్తలేదు. నీ డ్రమ్ము నీళ్లు కావాలె.”

కట్టయ్య డ్రమ్ము వైపు చూశాడు. గోనెల వైపు చూశాడు.

“పోస్కో. ఇంజనే ఆగితె అన్నీ ఈడనే ఉడుకుతయి.”

డ్రమ్ము అడుగున రెండు గోనెలు తడిసే నీళ్లు మిగిలాయి. గేటు లేచింది.

“జనగామల ఆపుత కాకా, నింపుకుందాం.”

“ఆపకు. ఇప్పటికే ఆలిశమైంది, విమానం ఎల్లిపోతది. బండి నడిస్తె గాలన్న తగులుతది. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఎండ పడమటి వైపు నుంచి కొట్టసాగింది. ఆ పక్క గోనెలు ముందు ఆరాయి. కట్టయ్య డ్రమ్మును వంచి ఆఖరి నీళ్లు తీశాడు. అవీ ఆరాయి. అతనికి నెక్కొండ దగ్గరి తోట గుర్తుకొచ్చింది. కరువు యేడు, కౌలుకు పట్టిన చెలకలో తను నాటిన మామిడి మొక్కలు. బావి ఎండితే అతనూ సమ్మమ్మా మైలు దూరం నుంచి కావడితో నీళ్లు మోశారు. ఒక్కటీ బతకలేదు. ఆ యేడే వరంగల్ వచ్చి స్టేషనులో మూటలు మోశాడు. తర్వాత ఈ షెడ్డు.

బుర్ర మూతి విప్పాడు. పీలికను పళ్ల మధ్య పట్టుకుని, ఒక గోనె మీద కొంచెం పోశాడు. అరచేత్తో గోనె అంతటా రాశాడు. ఇంకో గోనె. ఇంకొకటి.

జనగామలో యాకూబ్ లారీ నెమ్మది చేసి అరిచాడు. “కాకా, నీళ్లు?”

చెక్క మీద రెండు దెబ్బలు. టక్, టక్.

భువనగిరి గుట్ట కనపడ్డాక మళ్లీ అరిచాడు. ఒక దెబ్బ వినపడింది. యాకూబ్ కాలు బ్రేకు మీదికి పోయింది. అంతలో రెండోది వినపడింది, మెల్లగా. కాలు తీసేశాడు.

ఆ తర్వాత ఏదీ వినపడలేదు. అంతా బాగున్నట్టే. యాకూబ్ ఎక్కడా ఆగలేదు.

బేగంపేటలో తాళ్లు విప్పారు. సరుకు చూసే అధికారి పెట్టె మూలలు నొక్కాడు. పొడిగా, గట్టిగా ఉన్నాయి. లోపల చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఒక కాయ కోసి చూసి తలూపాడు. “మాల్ బాగుంది. దించండి.”

యాకూబ్ సంతోషంగా లారీ ఎక్కాడు. “కాకా, పాసైనం! దిగు.”

కట్టయ్య సందులో మోకాళ్లు ముడుచుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు కూడా తాడు మీదే ఉంది, గోనెల వరుసలో, ఇంకా కొద్దిగా తడిగా. యాకూబ్ అతని మెడ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. ఒళ్లు పొయ్యిరాయిలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఊపిరి లేదు.

హమాలీలు అతని చుట్టూ పెట్టెలు ఒక్కొక్క వరుసే తీశారు. దవాఖానలో డాక్టరు వడదెబ్బ అన్నాడు. యాకూబ్ వరండాలో నిలబడి ఉండగా పైనుంచి విమానం పోయింది. తలెత్తి చూడలేదు.

దుబాయి నుంచి సరుకు బాగుందని కబురొచ్చింది. షెడ్డుకు తాళం పడలేదు. దినాలయ్యాక సమ్మమ్మ పనిలోకి వచ్చింది. యాకూబ్ తలవంచుకుని బుర్రను ఆమె ముందు పెట్టాడు.

“నీళ్లు తాగిండా?” అని అడిగింది.

యాకూబ్‌కు తాడు మీది తడి తువ్వాలు గుర్తుకొచ్చింది. “తాగిండు చిన్నమ్మా.”

సమ్మమ్మ బుర్రను చెవి దగ్గర ఊపి, షెడ్డు గోడ మేకుకు తగిలించి, కాయల వరుసలో కూర్చుంది. లోపల చుక్క లేకపోయినా, బుర్ర మూతికి ఆ చీర పీలిక కట్టయ్య మళ్లీ బిగించి పెట్టినట్టే ఉంది.