రెండో నొక్కు

నేను ఒక సౌండ్ రికార్డర్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. ఒక రోజు నా దగ్గర ఒక మాట పోయింది. అంతకు ముందు నేను దాచిన వేల మాటలను ఎవరూ మళ్లీ అడగలేదు. పోయిన ఆ ఒక్కదాన్నే అడిగారు.

నా తయారీ గురించి చెప్పవలసింది కొంచెమే. ఎర్ర మీట ఒకసారి నొక్కితే వింటాను. నా దీపం మినుకుమంటుంది. రెండోసారి నొక్కితేనే దాచుకుంటాను. అప్పుడు దీపం నిలకడగా వెలుగుతుంది. వినడమూ దాచుకోవడమూ ఒకటేనని మనుషులు అనుకుంటారు.

మొదట కాకినాడలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర ఉన్నాను. మంత్రాలకన్నా భోజనాల దగ్గర అలకలే నాలో స్పష్టంగా పడేవి. తరవాత నన్ను ఫణి కొన్నాడు. తారక అనే అమ్మాయి కోరంగి మడ అడవుల్లో తీస్తున్న చిన్న సినిమాకి సౌండ్ పని ఒప్పుకున్నాడు. ఒకే నావ మీద బతికే అన్నదమ్ముల కథ అది. నటులు లేరు. మడలంక అనే పల్లెలోని నిజం అన్నదమ్ములు, అన్న నూకరాజు, తమ్ముడు లోవబాబు, ఆ వేషాలు వేశారు. ఆరేళ్లుగా వాళ్లకు మాటల్లేవు. కెమెరా ముందు మాట్లాడుకునేవారు. 'కట్' అనగానే చెరో వైపుకి పోయేవారు.

కారణం ఊరందరికీ తెలుసు. పాయ సముద్రంలో కలిసే చోట పాతిన గుంజలకి వల కట్టే వంతును అక్కడ చీట్లు వేసి పంచుకుంటారు. లోవబాబు తన వంతు రోజున వెళ్లేసరికి ఎవరో ముందే వల కట్టి చేపలు లాగేసుకుపోయారు. లోవబాబు అన్నని అడిగాడు. నూకరాజు కాదన్నాడు. ఆరేళ్లూ కాదంటూనే ఉన్నాడు.

తారక ఆ సంగతి విని సినిమా చివర ఒక మాట రాసింది. అన్న తమ్ముడితో, "ఆ రోజు వల కట్టింది నేనే" అనాలి. నూకరాజు నాలుగు రోజులు ఆ సీన్ దాటేశాడు.

"నా నోట్లోంచి రాదమ్మా ఈ మాట. ఇంకేదన్నా రాయండి."

"సినిమాయే కదా బాబాయ్."

"మీకు సినిమా. ఆడికి కాదు."

ఐదో రోజు ఎందుకో తనే "పదండి" అన్నాడు. షూటింగుకి అదే ఆఖరి రోజు. నీరు దిగిపోయేలోగా తీయాలి, లేకపోతే నావ బురదలో కూర్చుంటుంది. కెమెరా వేరే నావలో దూరంగా ఉంది. ఫణి నన్ను అన్నదమ్ముల నావలో పలక కింద పెట్టి, నూకరాజు చొక్కాకి మైకు తగిలిస్తున్నాడు.

"ఏవండీ సౌండుగారూ, పెళ్లికొడుక్కి బాసికం కడతన్నారా? నీరు తీసేత్తంది, దిగండి!" అంటూ లోవబాబు అప్పుడే గెడ వేసి నావని తోసేశాడు.

ఫణి నన్ను ఒకసారి నొక్కి గట్టు మీదికి దూకాడు. నా దీపం మినుకుమంటూనే ఉంది. పలక కింద అది ఎవరికి కనబడుతుంది? అరవడానికి నాకు గొంతు లేదు.

నావ మడచెట్ల మధ్యకి వెళ్లింది. చెట్ల వేళ్ల మీంచి నీరు దిగుతోంది. దూరాన తారక చెయ్యి ఎత్తింది. నూకరాజు చాలాసేపు తల వంచుకునే ఉన్నాడు. తరవాత తమ్ముడి వైపు చూసి ఏదో అన్నాడు. ఆ మాట నాలోకి వచ్చింది, నాలోంచి వెళ్లిపోయింది. లోవబాబు చేతిలో గెడ ఆగిపోయింది. వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. తారక అది రాయలేదు.

ఒడ్డున ఫణి నన్ను తీసి చూశాడు. "అక్కా, పడలేదు," అన్నాడు. తారక నూకరాజు దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, ఇంకొక్కసారి," అంది.

"అనాల్సినోడితో అనేశానమ్మా. ఇంక నన్నడక్కండి."

"రాసిందే అన్నాడా?" అని ఆమె లోవబాబుని అడిగింది.

"మీరు రాసింది కాదండి," అన్నాడతను. అంతకు మించి చెప్పలేదు.

ప్రతి సీన్ అయ్యాక అందరూ నోరు మూసుకుని నిలబడతారు. తరవాత మాటల మధ్య ఖాళీల్లో కలపడానికి, ఫణి ఆ చోటు నిశ్శబ్దాన్ని ఒక నిమిషం నాలో పట్టి ఉంచుతాడు. ఆ రోజూ పట్టాడు. ఈసారి రెండుసార్లు నొక్కాడు. అందరూ కదలకుండా నిలబడ్డారు, ఆ ఇద్దరు తప్ప. ఆ నిమిషంలో బురద చిటపటలున్నాయి, అన్నదమ్ములు కలిసి నావని గట్టుకి లాగుతున్న ఆయాసం ఉంది.

మూడు నెలలకి నూకరాజు పోయాడు. జ్వరం అన్నారు.

లోవబాబుది అన్న గొంతే. చివరి సీన్‌లో అన్న మాట చెప్పడానికి తారక అతన్ని డబ్బింగుకి పిలిచింది. తెర మీద అన్న పెదవులు కదులుతున్నాయి. తమ్ముడు మైకు ముందు నిలబడ్డాడు. ఫణి రెండుసార్లు నొక్కి, నా దీపాన్ని వంగి మరీ చూసుకున్నాడు. అది నిలకడగా వెలిగింది. పదకొండు నిమిషాలు ఊపిరి తప్ప నాకేమీ అందలేదు.

"నేనంటే మా అన్న అన్నట్టు అవదండి," అన్నాడు లోవబాబు. చెప్పులు వేసుకుంటూ, "మళ్లీ వత్తాను. ఇయ్యాల కాదు," అన్నాడు.

ఇప్పుడు ఫణి దగ్గర కొత్త రికార్డరు ఉంది. ఒక్క నొక్కుకే దాచుకుంటుందట. నేను తారక బల్ల సొరుగులో ఉన్నాను. ఆ ఒక్క నిమిషం నాలో అలాగే ఉంది, ఎవరూ చెరపలేదు. లోవబాబు మళ్లీ రాలేదు. చివరి సీన్‌కి మాట ఇంకా పెట్టలేదు.