తక్కెడ పళ్లానికి మూడో చిల్లు

మా ఆయన పోయి నెల తిరక్కుండానే పనిలో చేరాను. ఎంత గుండె నిబ్బరమో అని ఆఫీసులో చెవులు కొరుక్కున్నారు. నిబ్బరమూ లేదు, గిబ్బరమూ లేదు, మొద్దుబారిపోయానంతే. ఇంట్లో కూర్చున్నా గోడే, ఇక్కడ కూర్చున్నా గోడే. ఇక్కడ గోడ ముందు కనీసం ఒక మైక్రోస్కోపు ఉంటుంది.

పాత లోహపు వస్తువులు ఏమిటో తేల్చడం నా పని. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక దిబ్బ ఉంది. ఒకప్పుడు అక్కడ ఓడలు ఆగేవి, సరుకులు చేతులు మారేవి. ఆ దిబ్బను తవ్వించింది మా ఆయనే. దొరికిన మేకులు, గొళ్లాలు, ఊరూ పేరూ లేని తుక్కూ శుభ్రం చేసి నా బల్ల మీదికి పంపేవాడు. నేను పేరు పెట్టేదాన్ని. "పిల్లలకి పేర్లు పెడదామనుకున్నాం, చివరికి మేకులకి పెట్టుకుంటున్నాం" అని నలుగురిలో అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆయన చివరగా తీసింది అరచేయంత కంచు పళ్లెం. లోతు తక్కువ, అంచున సమాన దూరంలో మూడు చిల్లులు. మూడు తాళ్లతో వేలాడే తక్కెడ పళ్లెం అన్నాడు. అది దొరికిన గదిని తూకాల శాల అన్నాడు. నేను చూడకముందే పత్రికల వాళ్లకి చెప్పేశాడు కూడా, నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఆ వారమే ఆఫీసు మెట్ల మీద కుప్పకూలాడు.

దిబ్బ చదును చేసి గిడ్డంగులు కట్టుకోవడానికి పైవాళ్లు అప్పటికే ఒప్పుకుని ఉన్నారు. తూకాల శాల నిజమేనని నేను సంతకం పెడితే ఆ పని ఆగుతుంది. పెట్టకపోతే దిబ్బా పోతుంది, ఆయన చివరి మాటా పోతుంది.

ఆ సంతకం కోసమే పొద్దున్నే మా మరిది వచ్చాడు. అన్న తర్వాత తవ్వకం చూసుకుంటున్నది వాడే. కుదురుగా కూర్చోవడం చేతకాదు గనక అందరూ హడావిడి అంటారు. స్టూలు మీద కూర్చుని కాలు ఊపుతూ నా వైపే చూస్తున్నాడు. నేను పళ్లాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను.

మొదటి రెండు చిల్లుల లోపల అంతా చిలుము పట్టి ఉంది, పళ్లానికి ఉన్న చిలుమే. మూడో దాంట్లో లేదు. అంచు కొత్త కంచులా మెరుస్తోంది. దాని చుట్టూ సన్నటి సూది గీతలు, అన్నీ ఒకే వాలు. ఎడమచేతి వాటం గీతలు. ఆ చెయ్యి ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

జరిగింది అర్థమైంది. రెండు చిల్లులు కనబడగానే మూడోది ఉండి తీరాలనుకున్నాడు. చిలుముతో పూడిపోయిందనుకుని, ఉండాల్సిన చోట సూదితో గీకాడు. అక్కడ కంచు ఉల్లిపొరలా ఉంది. సూది దిగింది. పూడిక తీశాననుకున్నాడు, చిల్లు పొడిచాడు. మా పనిలో ఉన్నవాళ్లే చేయగల పొరపాటు ఇది. చెయ్యి తేలిగ్గా పెట్టమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని.

"ఏం తేలింది వదినా?" అన్నాడు మరిది.

"గరిటె."

"గరిటేంటి?"

"ఆ రెండు చిల్లుల చుట్టూ రివెట్లు నొక్కిన గుర్తులున్నాయి. రెండు పాయల కాడ బిగించారు. మూడోది మీ అన్నయ్య పొడిచింది."

వాడొచ్చి కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంత దగ్గరగా ఎవరు చూస్తారు వదినా? తక్కెడ అని రాసేయండి. దిబ్బ మిగులుతుంది, అన్నయ్య పరువూ మిగులుతుంది."

"గరిటెని తక్కెడ అని రాస్తే, రేపు నేను మేకుని మేకు అన్నా ఎవరూ నమ్మరు."

"నేను మేకుల గురించి మాట్లాడటం లేదు. అన్నయ్య గురించి మాట్లాడుతున్నా."

వాడు మళ్లీ స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు. కాగితం ముందుకు లాక్కుని గరిటె అని రాశాను. వాడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. వస్తువుకి పాత సొట్టలు ఎన్నున్నా ఫరవాలేదు గానీ, మన చేతిలో పడ్డాక జరిగిన దెబ్బకి కారణం ఎవరో పేరు రాయాలి. మూడో చిల్లు కొత్తది అని రాశాను. పేరు దగ్గరికి రాగానే నా చెయ్యి తనంతట తనే 'కీర్తిశేషులు' అని మొదలుపెట్టింది. బ్యాంకులో, బీమా ఆఫీసులో, ఇంటి కాగితాల్లో రాసీ రాసీ అలవాటైపోయింది.

అక్కడ ఆగిపోయాను. ఈ చిల్లు పొడిచిన రోజు ఆయన కీర్తిశేషుడు కాడు. బల్ల మీదికి వంగి, ఊపిరి బిగబట్టి గీకుతున్నాడు. సూది దిగగానే సంబరపడిపోయుంటాడు. ఆ మాట కొట్టేసి ఉత్త పేరు రాశాను.

రాశాక ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. కళ్లు మండాయి.

"పక్క గదిలోనే కదా ఉండి చచ్చాను! ఒక్క కేకేస్తే వచ్చి చూసేదాన్ని కదా!"

మరిది ఉలిక్కిపడి లేచాడు. "ఎవరితో వదినా?"

ఏడుస్తూనే ఆ కాగితం మీద సంతకం పెట్టాను.