గౌరమ్మ లక్సా

ఉడికిన కానగంత చేపలను పళ్లెంలో పరిచి గౌరమ్మ ముళ్లు తీస్తోంది. వేడి తగ్గకముందే తీయాలి. అరవై ఆరేళ్ల ఆ వేళ్లకు కళ్లతో పనిలేదు. సైన్స్ పార్క్ ఆఫీసుల మధ్య ఉన్న ఆ చిన్న మలేసియా నూడుల్స్ హోటల్లో ఇరవై ఏళ్లుగా లక్సా ఆమె చేతిదే. లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద చింతపండు వేసి మరిగించిన చేపల పులుసు, పైన పుదీనా. మలేసియాలోని పెరాక్ కొబ్బరితోటలో పుట్టి పెరిగిన ఆమెకు అది పరాయి వంట కాదు, అమ్మ పెట్టిన చేపల పులుసుకు దగ్గరి చుట్టం.

నాలుగు నెలల కిందట వచ్చిన జ్వరం వారంలో తగ్గింది. పోతూపోతూ ఆమె నాలుకనూ ముక్కునూ వెంట తీసుకుపోయింది. అప్పటినుంచి ఆమెకు చింతపండు రసమూ ఒకటే, వేడినీళ్లూ ఒకటే. హోటలు యజమానురాలు శాంతినికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాడు పరశురాముడొక్కడే.

అతను పక్క బిల్డింగులో సెక్యూరిటీ గార్డు, పెరాక్ తెలుగువాడే. రోజూ పదిన్నరకు, హోటలు తెరవకముందే వచ్చి మూలబల్ల దగ్గర కూర్చుంటాడు. జ్వరం తగ్గి ఆమె పనిలోకి వచ్చిన మొదటిరోజు రెండు చెంచాల పులుసు తాగి, ఆమె ముఖంలోకి చూశాడు.

"గౌరమ్మా, ఉప్పు రెండుసార్లు ఏసినావు" అన్నాడు మెల్లగా.

ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి అతనికి సంగతి అర్థమైంది. గిన్నె ఖాళీ చేసి వెళ్లాడు. మర్నాటినుంచి ఆమెకు అతని నోరే నోరయింది.

ఈరోజు అతను రుచి చూసి, చెంచా గిన్నె పక్కన పెట్టాడు.

"సరిపోయిందా అన్నా?"

"ఇంకో గరిటె పులుపు పడాల." తలెత్తాడు. "ఈయాళే నా ఆకరి డ్యూటీ గౌరమ్మా. సాయంత్రం బస్సుకి మన పెరాక్‌కి, ఈపోకి పోతన్నాను. మోకాళ్లు నిలబడనీటం లేదు, కూతురు వచ్చేయమంటంది."

"ముందే సెప్పలేదేం?"

"సెప్తే వారమంతా బెంగెట్టుకుంటావు. శాంతినికి సెప్పేయి."

"పనిలోంచి తీసేస్తాది."

"తీసేస్తే తీసేస్తాది. నీ పేరుతో ఉప్పునీళ్లు పోసేకన్నా అది నయం గదా."

అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. గౌరమ్మ గరిటెడు పులుపు పోసి, కుండ దగ్గరే నిలబడింది. ఎవరికీ చెప్పకుండా రోజూ ఇదే కొలత పోస్తే? కానీ ఇవాళ్టి చేప రేపటి చేప కాదు. ఏ బుట్ట చింతపండు పులుపు ఆ బుట్టదే. ఆ సంగతి ఆమెకన్నా ఎవరికి తెలుసు! చేతులు తుడుచుకుని, గిన్నెలు సర్దుతున్న శాంతిని దగ్గరికి వెళ్లింది.

"శాంతినీ, నాకు రుచి తెలియటం లేదమ్మా. జ్వరం కాణ్ణించి."

శాంతిని చేతిలో గిన్నె ఆగింది. "ఫోర్ మంత్స్! మరి రోజూ ఎవరు చూస్తున్నారు ఆంటీ?"

"పరశురామన్న."

శాంతిని స్టూలు మీద కూర్చుంది. అద్దం తలుపు అవతల అప్పుడే ఇద్దరు ముగ్గురు నిలబడి లోపలికి చూస్తున్నారు. ఆమె లేచి, చెంచా కుండలో ముంచి నోట్లో పెట్టుకుంది.

"పుల్లగానే ఉంది. బట్ ఏదో తక్కువ. నాకు చెప్పడం రాదు ఆంటీ."

"మింగినాక నోట్లో ఏమైనా నిలుస్తందా?"

"లేదు. వెంటనే పోతోంది."

"రొయ్యల ముద్ద తక్కువైంది. అరచెంచా ఎయ్యి. కలిపి, కాసేపు మరగనీ."

రెండోసారి చెంచా నోట్లో పెట్టుకున్న శాంతిని కనుబొమలు పైకి లేచాయి. పనిలోంచి తీసేసే మాట ఇద్దరూ ఎత్తలేదు. తలుపు తెరిచారు. మధ్యాహ్నమంతా జనం. కుండలో మరుగునీళ్లు పోసినప్పుడల్లా గౌరమ్మ అడగడం, శాంతిని రుచి చూసి చెప్పడం.

నాలుగింటికి పరశురాముడు యూనిఫాం విప్పేసి, గళ్ల చొక్కాలో, భుజాన సంచితో వచ్చాడు. గౌరమ్మ తనే గిన్నె తెచ్చి పెట్టింది. అతను తొందరపడకుండా తిన్నాడు.

"ఇది నీ ఒక్కదాని పులుసు కాదు."

"చెయ్యి నాదే. నోరు శాంతినిది."

అతను నవ్వి, గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగాడు. "పోయొస్తాను" అని లేచాడు. తలుపు దగ్గర ఒకసారి మోకాలు పట్టుకుని ఆగి, బస్‌స్టాప్ వైపు నడిచాడు.

"రేపు తొమ్మిదికే వచ్చేయండి ఆంటీ, ఇద్దరం కలిసి పులుసు పెడదాం" అంది శాంతిని కౌంటరు వెనకనుంచి.

గౌరమ్మ తలూపి, మూలబల్ల తుడవడానికి వెళ్లింది. ఖాళీ గిన్నె అంచున అతను తీసిపెట్టిన పుదీనా కాడ ఒకటి, ఇంకా తడిగా, పచ్చగా ఉంది.